ఉప్పుగాలికి ఫోన్ కూడా లోకువే

ఫోన్ జాగ్రత్తల గురించి నెట్‌లో వెతికితే అన్నిచోట్లా ఒకే పాట. కవరు వెయ్యండి, టెంపర్డ్ గ్లాస్ వేయించండి, రాత్రంతా చార్జింగ్ పెట్టకండి. తప్పేమీ లేదు గానీ వైజాగ్‌లో ఉండేవాళ్ళకి అవి చాలవు. బీచ్ రోడ్డుకి దగ్గర్లో కాపురమున్న ఎవరినైనా అడిగి చూడండి, కిటికీ ఊచలకి రంగు వేయించిన ఏడాదికే పెచ్చులూడిపోతాయి, ఏసీ బయటి యూనిట్ చూస్తుండగానే గుల్లయిపోతుంది, బండి సైలెన్సర్ సంగతి ఇక చెప్పక్కర్లేదు. అంత ఇనుమునే తినేసే గాలి జేబులో ఉన్న ఫోన్‌ని ఊరికే వదిలేస్తుందా?

జగదాంబ వైపు నేను ఎప్పుడూ వెళ్ళే ఒక చిన్న రిపేరు షాపు ఉంది. మొన్న నేను వెళ్ళేసరికి ఆ అన్న బీచ్‌లో ముంత మసాలా అమ్మే అతని ఫోన్ విప్పి, కింద బోర్డుని మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తున్నాడు. నన్నూ చూడమన్నాడు. చార్జింగ్ పిన్ను చుట్టూ పచ్చగా పొడిలా పేరుకుని ఉంది, రాగి చెంబుకి చింతపండు పెట్టడం మానేస్తే పడుతుందే, అచ్చం అలా. దాని పక్కన ఉండాల్సిన సన్నటి లోహపు కాళ్ళలో ఒకటి అసలు లేదు, తుప్పు తినేసింది.

"నీళ్ళలో పడిందా అన్నా?" అన్నాను.

"నీళ్ళలో పడితే ఒక్క రోజులో తేలిపోద్ది గురూ. ఇది పడలేదు. రోజూ సాయంత్రం బండి మీద పెట్టుకుని స్కానర్ డబ్బులు చూసుకుంటాడు కదా, ఆ గాలికే పోయింది."

సంగతేంటంటే, అలల తుంపర నుంచి వచ్చే ఉప్పు గాలిలో కలిసి లోపలికి వెళ్ళి లోహం మీద కూర్చుంటుంది. ఉప్పుకి తేమను లాక్కునే గుణం ఉంది, మన ఊళ్ళో తేమకి కరువా? రెండూ కలిస్తే ఆ సన్నటి కాళ్ళ మధ్య కరెంటుకి దారి దొరుకుతుంది, చార్జింగ్ పెట్టినప్పుడల్లా తుప్పు ఇంకాస్త ముందుకు పోతుంది. అందుకే చార్జింగ్ పిన్ను ముందు పోతుంది, ఆ తర్వాత స్పీకరు, సిమ్ ట్రే.

ఇక అసలు సముద్రంలో పడేవి. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో గానీ రుషికొండలో గానీ అరగంట నిలబడితే చాలు, మోకాలి లోతులో నిలబడి ఫోన్ ఎత్తి సెల్ఫీ తీసుకునేవాళ్ళు ఎంతమందో. యారాడలో అల లాగేస్తే మనిషే నిలబడడం కష్టం, ఫోన్ సంగతి సరే సరి. ఏమైనా అంటే "మాది ఐపీ68 అండీ, వాటర్‌ప్రూఫ్" అంటారు. ఐపీ అంటే నీళ్ళనీ దుమ్మునీ ఫోన్ ఎంతవరకు ఆపగలదో పరీక్షించి ఇచ్చే రేటింగ్. ఆ పరీక్ష చేసేది మంచినీళ్ళలో, కదలకుండా నిలవున్న నీళ్ళలో, కొత్త ఫోన్‌తో. ఐపీ67 అంటే ఒక మీటరు లోతులో 30 నిమిషాలు, ఐపీ68 అంటే అంతకంటే ఎక్కువ లోతు, ఎంత అన్నది కంపెనీ చెప్పుకుంటుంది. అలల దెబ్బకీ ఉప్పునీళ్ళకీ ఆ లెక్క వర్తించదు. మహాసముద్రాల సగటు తీసుకుంటే లీటరు నీళ్ళలో దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. గంగ, గోదావరి, కృష్ణ వచ్చి కలుస్తాయి కాబట్టి మన బంగాళాఖాతంలో కాస్త తక్కువ. ఫోన్ బోర్డు పాడవడానికి అదీ ఎక్కువే. పైగా ఒకసారి కింద పడి అంచు సొట్టపోయిన ఫోన్‌లో, లోకల్‌గా డిస్‌ప్లే మార్పించిన ఫోన్‌లో ఆ రబ్బరు సీలు సరిగ్గా ఉందని ఎవరూ హామీ ఇవ్వలేరు. వారంటీ కాగితంలో నీళ్ళు వెళ్తే మాకు సంబంధం లేదని చాలా కంపెనీలు ముందే రాసేస్తాయి. సిమ్ ట్రే పెట్టే చోట లోపల చిన్న తెల్ల స్టిక్కర్ లాంటిది ఉంటుంది చాలా ఫోన్లలో, తడి తగిలితే ఎర్రగా మారుతుంది. సర్వీస్ సెంటర్లో ముందు టార్చి వేసి చూసేది దాన్నే.

పడిపోయింది, ఏం చేయాలి? వెంటనే స్విచాఫ్. వెలుగుతోంది కదా అని ఫోటోలు వచ్చాయో లేదో చూడకండి, చార్జింగ్ అస్సలు పెట్టకండి. పౌచ్ తీసేసి, సిమ్ ట్రే బయటికి లాగి, పిన్ను కిందకి ఉండేలా పట్టుకుని మెల్లగా తట్టండి. ఐపీ రేటింగ్ ఉండి, ఎక్కడా పగుళ్ళు లేని ఫోన్ అయితే ట్రే తీయకముందే మంచినీళ్ళతో పైపైన కడిగి తుడవాలి, ఎందుకంటే ఎండిపోయాక మిగిలే ఉప్పే అసలు ప్రమాదం. రేటింగ్ లేనిదైతే ఇంట్లో ప్రయోగాలు మానేసి ఆ రోజే షాపుకి తీసుకెళ్ళండి, విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు శుభ్రం చేస్తారు. రేపు చూద్దాం అనుకుంటే బోర్డు మీద ఆశ వదులుకోవడమే.

బియ్యం డబ్బా వైద్యం ఇంకా నడుస్తూనే ఉంది. మా మావయ్యకి ఎంత చెప్పినా వినడు. 2024 జనవరిలో ఆపిల్ కంపెనీయే బియ్యంలో పెట్టొద్దని, ఆ నలుసులు లోపలికి వెళ్ళి ఇంకా పాడవుతుందని చెప్పింది. అసలు బియ్యం లోపలి ఉప్పునెలా తీస్తుంది చెప్పండి? హెయిర్ డ్రయర్ కూడా వద్దు, వేడిగాలి నీటిని ఇంకా లోపలికి తోస్తుంది. ఫ్యాన్ గాలికి వదిలేయండి, చాలు.

ఇసుక ఇంకో తలనొప్పి. "చార్జింగ్ ఎక్కట్లేదు, కేబుల్ కొంచెం వంచి పట్టుకుంటేనే ఎక్కుతోంది" అని వచ్చేవాళ్ళలో చాలామందికి పిన్ను బాగానే ఉంటుందట, లోపల జేబులోని నూలు పీచూ ఇసుకా కలిసి గట్టిగా దట్టించుకుపోయి ఉంటుంది. ఆ అన్న సన్నటి చెక్క పుల్లతో గోడ వారగా నెమ్మదిగా గీరితే బయటికి వచ్చిన ముద్ద చూసి నాకే ఆశ్చర్యమేసింది, చిన్న పెసరగింజంత ఉంది. గుండుసూది, పిన్నీసు పెట్టకండి, షార్ట్ అవుతుంది. ఫోన్ ఆపేసి, చెక్క టూత్‌పిక్‌తో, మధ్యలో ఉండే నాలుకలాంటి దాన్ని తాకకుండా తీయాలి. నోటితో ఉఫ్ అని ఊదడం కూడా వద్దు, ఉమ్ము తడి పోతుంది లోపలికి. బీచ్‌కి వెళ్ళేటప్పుడు జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరు ఒకటి బ్యాగులో పడేసుకోండి, ఇంటికొచ్చాక మెత్తటి గుడ్డని మంచినీళ్ళలో ముంచి గట్టిగా పిండి ఫోన్ తుడిచి, పౌచ్ విప్పి దాని లోపలా తుడవండి. పౌచ్ తీయనివాళ్ళ ఫోన్ వెనక చూడాలి, ఉప్పూ చెమటా కలిసి చారలు కట్టి ఉంటుంది.

బండి హ్యాండిల్‌కి ఫోన్ తగిలించుకుని మ్యాప్ పెట్టుకోవడం ఇప్పుడు అందరికీ అలవాటు. మద్దిలపాలెం నుంచి గాజువాక వరకు మే నెల మిట్టమధ్యాహ్నం అలా వెళ్తే స్క్రీన్ దానంతటదే మసకబడుతుంది, చార్జింగ్ ఆగిపోతుంది. చాలామంది ఫోన్ పాడైందనుకుంటారు, పాపం అది తనని తాను కాపాడుకుంటోంది. లిథియం అయాన్ బ్యాటరీని 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయకూడదు, చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. వేడెక్కిందని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, బయటికి తీయగానే లోపల తడి పడుతుంది. ఇంకోటి, బండి ఇంజిన్ వణుకు కెమెరాలో ఫోటో కదలకుండా చూసే స్టెబిలైజర్‌ని పాడు చేయగలదని ఆపిల్ 2021లోనే హెచ్చరించింది. వణుకు తట్టుకునే హోల్డర్లు దొరుకుతాయి, లేదంటే ఫోన్ జేబులో పెట్టుకుని ఇయర్‌ఫోన్ ఒక చెవిలో పెట్టుకోవడం అంటారు కొందరు, నాకు అదీ నచ్చదు, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర హారన్ వినబడకపోతే ఏమవుతుందో తెలిసిందే. దారి కాస్త ముందే చూసుకుని బయల్దేరడం నయం.

చార్జర్ గురించి ఒక్కమాట. ఫుట్‌పాత్ మీద దొరికే నూట యాభై రూపాయల అడాప్టర్ కొనేముందు దాని మీద బీఐఎస్ (వస్తువుల ప్రమాణాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉన్నాయో లేదో చూడండి. పవర్ బ్యాంకులకీ అంతే. ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలుదో కాదో తెలుస్తుంది. వెనక మూత పైకి లేచిందన్నా, స్క్రీన్ అంచు విడిందన్నా బ్యాటరీ ఉబ్బినట్టే. నొక్కి మూయకండి, ఆ రోజు నుంచి చార్జింగ్ ఆపి మార్పించండి. ఉబ్బిన దాన్ని చెత్తబుట్టలో వేస్తే చెత్తబండిలో నలిగి అంటుకుంటుంది, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకే ఇవ్వాలి.

జనంలో పోగొట్టుకోవడం గురించి పెద్దగా రాయను, సింహాచలం చందనోత్సవం క్యూలో ఎన్ని పోతాయో మనకి తెలియనిది కాదు. ముందే స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొట్టి వచ్చిన 15 అంకెల ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబరు) ఎక్కడైనా రాసుకోండి, ఆ ఫోన్‌లో మాత్రం దాచకండి. పోయాక పోలీసు ఫిర్యాదు, మీ పాత మొబైల్ నంబరుతోనే డూప్లికేట్ సిమ్, తర్వాత ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో, పోయిన ఫోన్లని ఐఎంఈఐతో ఆపేసే సీఈఐఆర్ దగ్గర బ్లాక్ చేయించాలి. 2023 మే నుంచి ఇది దేశమంతా పనిచేస్తోంది. స్క్రీన్ లాక్ ఉంది కదా అనుకోవద్దు, దొంగ సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేస్తే ఓటీపీలు అతనికే వస్తాయి, సిమ్‌కే పిన్ నంబరు పెట్టే సిమ్ లాక్ వాడితే ఆ పప్పులు ఉడకవు. పెళ్ళి శుభలేఖ అనో ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ (తెరిస్తే ఫోన్‌లో యాప్ ఎక్కించేది) వస్తే తెరవకండి. డబ్బులు పోతే గంటలు లెక్కపెట్టకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

చివరికి తుపాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఊరి మీద పడ్డాక రోజుల తరబడి కరెంటు లేదు, టవర్లు లేవు, జనరేటర్ ఉన్న చోటల్లా చార్జింగ్ కోసం జనం గుమిగూడారు. అప్పటి నుంచి మా ఇంట్లో వాయుగుండం అన్న మాట వినబడితే చాలు, ఫోన్లూ పవర్ బ్యాంకులూ అన్నీ ప్లగ్గుల్లోకి వెళ్ళిపోతాయి. ఉరుములు మొదలయ్యాక మాత్రం తీసేస్తాం. ఫోన్ పిడుగుని పిలవదు గానీ వైరు వెంట వచ్చే వోల్టేజీ దాన్ని కాల్చేస్తుంది. సిగ్నల్ లేనప్పుడు ఫోన్ టవర్ కోసం వెతుకుతూనే బ్యాటరీ తాగేస్తుంది, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి గంటకోసారి తీసి చూసుకోవాలి. కాల్ కలవకపోయినా ఎస్సెమ్మెస్ వెళ్ళొచ్చు. ఒక కంపెనీ టవర్లు పడిపోతే ఇంకో కంపెనీ టవర్ వాడుకునేలా ప్రభుత్వం ఇంట్రా సర్కిల్ రోమింగ్ తెరిపిస్తుంది, సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఎంపిక ఆటోమేటిక్‌లో ఉంటే అది దానంతటదే పట్టుకుంటుంది, లేదంటే మనమే వేరే నెట్‌వర్క్ ఎంచుకోవచ్చు. ఫోన్ మొత్తానికే చస్తే నంబర్లు ఎవరికి నోటికొచ్చు? మా అమ్మ క్యాలెండర్ వెనక రాసిపెట్టింది. పైన 112, దాని కింద గ్యాస్ తెచ్చే అబ్బాయి, మూడోది నాది.