సింక్ స్క్రూ ముట్టుకునే ముందు
పాత నాలుగు సిలిండర్ల బైక్ ఐడిల్‌లో వణికితే చాలామంది నేరుగా సింక్ స్క్రూల (నాలుగు కార్బ్యురేటర్లూ సమానంగా పనిచేసేలా సరిచేసే స్క్రూలు) మీద పడతారు. అలా వద్దు. ముందు వాల్వ్ క్లియరెన్స్, ప్లగ్‌లు, ఎయిర్ ఫిల్టర్ చూడండి, కార్బ్యురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య రబ్బరు పగిలి గాలి లాగుతుంటే వాక్యూమ్ గేజ్ (సిలిండర్ ఎంత బలంగా గాలి లాగుతోందో చూపే మీటర్) చూపించేదంతా అబద్ధమే. ఇంజన్ వేడెక్కాక ఆ గేజ్‌లు తగిలించి, చాలా బండ్లలో మొదట 1-2 కార్బ్యురేటర్లని, తర్వాత 3-4ని సమానం చేసి, చివర్లో మధ్య స్క్రూతో ఆ రెండు జంటలనీ కలపాలి. స్క్రూ కాస్త కదిపితే చాలు, ముల్లు వెంటనే జరుగుతుంది. తిప్పిన ప్రతిసారీ యాక్సిలరేటర్ ఒకసారి ఇచ్చి వదలండి, ముల్లు మళ్లీ అక్కడికే వస్తేనే నమ్మండి (నా దృష్టిలో అసలు పని ఇదే). ఎయిర్ కూల్డ్ ఇంజన్ అయితే ఎదురుగా ఫ్యాన్ తప్పనిసరి. చివర్లో ఐడిల్‌ని మాన్యువల్‌లో ఉన్న ఆర్‌పీఎంకి తెచ్చి, గేజ్‌లు తగిలించిన వాక్యూమ్ పోర్టుల మూతలు మర్చిపోకుండా బిగించండి.