లైబీరియాలో తుపాకులు అప్పగించే క్యాంపులో పేర్లు రాసే పని: నా అనుభవం

2004లో ఐక్యరాజ్యసమితి వాలంటీరుగా పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియా వెళ్ళాను. మాది గుంటూరు వైపు, చదివింది కంప్యూటర్లు, తుపాకీ అంటే అప్పటిదాకా బ్యాంకు గేటు దగ్గర గార్డు భుజాన వేలాడేది మాత్రమే. అలాంటివాడిని తీసుకెళ్ళి, యుద్ధం చేసి వచ్చినవాళ్ళ పేర్లూ వాళ్ళు తెచ్చిన ఆయుధాల వివరాలూ ఎక్కించే టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. ఇప్పటికీ ఎవరైనా అడుగుతుంటారు, "తుపాకీ ఇస్తే డబ్బులిచ్చారట కదా, అంతేనా?" అని. అంతే అయితే ఇంత రాయాల్సిన పనే లేదు.

అక్కడ 1989లో మొదలైన అంతర్యుద్ధం మధ్యలో ఆగుతూ, మళ్ళీ రాజుకుంటూ 2003 దాకా నడిచింది. ఆ ఆగస్టులో దేశాధ్యక్షుడు చార్లెస్ టేలర్ గద్దె దిగి నైజీరియా వెళ్ళిపోయాడు, అదే నెలలో ఘనా రాజధాని అక్రాలో శాంతి ఒప్పందం కుదిరింది. డిసెంబరులో లైబీరియా రాజధాని మన్రోవియా దగ్గర షెఫిలిన్ క్యాంపులో ఆయుధాలు తీసుకోవడం మొదలుపెడితే, అనుకున్నది ఓ వెయ్యి మంది, వచ్చింది వేలల్లో. డబ్బులెప్పుడిస్తారని గొడవ, ఊళ్ళో కాల్పులు, మనుషులు చచ్చిపోయారు. పది రోజులకే అంతా ఆపేశారు. నేను వెళ్ళేసరికి మళ్ళీ మొదలుపెట్టే ఏర్పాట్లు జరుగుతున్నాయి, అందరి మొహాల్లోనూ షెఫిలిన్ టెన్షనే.

రెండోసారి ఏప్రిల్ 15న బార్ంగాలో మొదలైంది. ఒకప్పుడు టేలర్ తిరుగుబాటు నడిపించింది ఆ ఊరి నుంచే, మేం వెళ్ళేసరికి అక్కడున్నది అతన్ని దింపడానికి పోరాడిన లర్డ్ వర్గం. కాపలా బంగ్లాదేశ్ సైనికులది. వాళ్ళ పుణ్యమా అని పప్పూ అన్నం దొరికేవి, లేకపోతే రోజూ కర్రపెండలం ఆకు కూరే. (అదీ బావుంటుంది, కాకపోతే పామాయిల్ అలవాటు పడాలి.)

పద్ధతి ఇలా ఉండేది. చెప్పిన చోటికి ఆయుధంతో వస్తే ట్రక్కు ఎక్కించి తెస్తారు. గేటు దగ్గర తూటాలు తీసేసి వేరే పెడతారు, తుపాకీ మళ్ళీ పేలకుండా చేస్తారు. తర్వాత సైనిక పరిశీలకులు ప్రశ్నలు వేస్తారు: ఏ వర్గం, కమాండర్ ఎవరు, ఎక్కడెక్కడ పోరాడావు. అనుమానం వస్తే ఏకే-47 చేతికిచ్చి విప్పి చూపించమంటారు. కొందరు మాతో మాట్లాడుతూనే, చూడకుండా విప్పేసేవాళ్ళు. కొందరు దాన్ని ఎటు పట్టుకోవాలో తెలియక నవ్వేవాళ్ళు. అది దాటితే నా టేబుల్, ఫోటో, ఫారం, గుర్తింపు కార్డు. ఆపైన కొన్ని రోజులు క్యాంపులో ఉంచి వైద్య పరీక్షలు, కౌన్సెలింగు చేస్తారు. పిల్లల్నీ ఆడవాళ్ళనీ వేరుగా ఉంచేవాళ్ళు, వాళ్ళ దగ్గర తుపాకీ లేకపోయినా చేర్చుకోవచ్చు. బయటికి పంపేటప్పుడు 150 డాలర్లు, కొన్ని నెలలకు ఇంకో 150, ఆ తర్వాత చదువో పనిలో శిక్షణో.

కాగితం మీద ఏ లోపమూ కనిపించదు. చిక్కంతా ఎవరిని చేర్చుకోవాలనే షరతులో ఉంది. తుపాకీ తెస్తే సరే, తుపాకీ లేకపోయినా 150 తూటాలు తెచ్చినా అర్హులే. తూటాలు సంచుల్లో దొరికే దేశంలో ఈ షరతు ఎవరు పెట్టారో గానీ, కమాండర్ల పంట పండింది. ఒక పెట్టెడు తూటాలు పది మందికి పంచితే పది మందీ 'సైనికులే', వచ్చిన డబ్బులో కమాండర్‌కి వాటా. ఫలానా కమాండర్ కింద ఎంతమంది ఉన్నారో ముందే జాబితా ఇమ్మని అడిగారు, సరైన జాబితాలు మా టేబుల్ దాకా రానేలేదు. మేం పేరు అడిగితే వెనక నిలబడ్డవాడు చెప్పేవాడు. ఒకడికి అమ్మ పెట్టిన పేరు ఒకటి, యుద్ధంలో పెట్టుకున్న పేరు ఇంకొకటి, స్పెల్లింగు మా దయ.

మొదట్లో వేసిన అంచనా 38,000 మంది. ఆ అక్టోబరు ఆఖరుకి ఆయుధాల సేకరణ అధికారికంగా ముగిసింది, చివరికి లెక్క 1,03,019కి చేరింది, తీసుకున్న ఆయుధాలు 28,314. అంటే దాదాపు నలుగురికి ఒకటి. ఈ లెక్క చూసి మొత్తం దండగ అన్నవాళ్ళతో నేను ఒప్పుకోను. 60 లక్షలకు పైగా తూటాలు రోడ్ల మీద నుంచి పోయాయి, ఆ గుంపులు కమాండర్ల చేతికింద నుంచి కొంతైనా విడిపోయాయి. అయితే నిజంగా పోరాడినవాడికి పోవాల్సిన శిక్షణ సీటు, ఎప్పుడూ తుపాకీ పట్టనివాడికి పోయిందన్నది కూడా నిజమే. క్యాంపులో కార్డు దొరకక ఏడ్చుకుంటూ వెళ్ళిన ఆడపిల్లల్ని చూశాను, వాళ్ళ తుపాకీ ముందే కమాండర్ లాక్కుని వేరేవాడికి ఇచ్చి పంపాడు. ఆడవాళ్ళకి తుపాకీ అక్కర్లేదన్న నియమం చాలామందికి చెప్పనే లేదు.

ఆ అక్టోబరులోనే ఇంటికి ఫోన్ చేస్తే నాన్న హైదరాబాద్‌లో ప్రభుత్వానికీ నక్సలైట్లకీ జరుగుతున్న చర్చల సంగతి చెప్పారు, "ఆయుధాలు వదలమంటున్నారట రా" అని. ఇక్కడా అదే పని నాన్నా అన్నాను. "మరి మీవాళ్ళు వదిలారా?" అంటే ఏం చెప్పాలో తెలియక, "సగం సగం" అన్నాను. నెలాఖర్లో మన్రోవియాలో అల్లర్లు జరిగి కర్ఫ్యూ పెట్టారు, మమ్మల్ని కొన్నాళ్ళు బయటికి కదలనివ్వలేదు.

రెండో విడత డబ్బు ఇచ్చే రోజులు ఇంకో కథ. కార్డు మీద ఫోటో ఒకరిది, వచ్చింది ఇంకొకరు. కార్డులు చేతులు మారేవి, తాకట్టు కూడా పెట్టేవాళ్ళు. ఒక కుర్రాడు, పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చి కంప్యూటర్లో దొరక్క, కొన్ని వారాలు తిరిగాడు. ఆ అక్షరం మార్చే అధికారం మా దగ్గర లేదు, మన్రోవియా నుంచి ఆమోదం రావాలి. చివరికి ఫారం వెనక అతను కమాండర్ పేరు చెప్పిన వాక్యం దొరికి, దాన్ని పట్టుకుని పాస్ చేయించాం.

అప్పటికే పక్క దేశం కోట్ డీవార్‌లో కూడా ఆయుధాలు తీసుకుని డబ్బులిస్తారనీ, అక్కడ మూడింతలు వస్తుందనీ కబురు పాకింది. తూర్పు సరిహద్దు జిల్లాల్లో మంచి తుపాకులు దాచుకుని, తుప్పు పట్టినవి మాకిచ్చారని అందరూ చెప్పుకునేవాళ్ళు. మా దగ్గరికి వచ్చిన కొన్ని ఏకేల పరిస్థితి చూస్తే నాకు అది పుకారు అనిపించలేదు. ఇద్దరు పక్కింటివాళ్ళు ఒకే సరుక్కి వేర్వేరు ధర పెడితే ఏమవుతుందో గుంటూరు మిర్చి యార్డులో ఎవర్నడిగినా చెప్తారు. రెండు దేశాల్లోని శాంతి మిషన్లూ ఐక్యరాజ్యసమితివే, ఒక మాట అనుకుని ఉండాల్సింది.