ఎక్స్‌రేలో కనిపించని మోకాలు

హనుమకొండలోని ఒక స్కానింగ్ కేంద్రంలో ఎంఆర్‌ఐ టెక్నీషియన్‌గా పనిచేస్తున్న నాకు రోజూ ఎదురయ్యేవి ఎక్కువగా పెద్దల నడుములూ మెడలూ, బండి మీది నుంచి పడ్డ యువకుల మోకాళ్లూ. పిల్లల కీళ్లవాపు కోసం రాసిన చీటీ ఎప్పుడో ఒకసారి గానీ రాదు. అలాంటి చీటీతోనే ఒక దసరా సెలవుల తర్వాత పరకాల వైపు పల్లె నుంచి ఒక అవ్వ తన ఏడేళ్ల మనుమరాలిని వెంటబెట్టుకొని వచ్చింది. ఎడమ మోకాలు రెండు నెలలకు పైగా వాచి ఉంది. చేతిలోని ఎక్స్‌రే రిపోర్టులో లోపమేమీ లేదని రాసి ఉంది.

"పొద్దుగాల లేవంగనే అడుగు పడదు సారూ, ఎండెక్కినంక మంచిగనే ఉరుకుతది. బడి ఎగ్గొట్టనీకి నాటకమాడుతుందని వాళ్ల నాయిన అంటడు. ఎక్స్‌రేల ఏం లేదన్నరు గదా, మల్ల గిదెందుకు?" అని అవ్వ అడిగింది.

ఆ ప్రశ్న న్యాయమైనదే. నాటకమాడే పిల్ల పొద్దున మాత్రమే కుంటి మధ్యాహ్నానికి మరిచిపోదు. నిద్ర లేవగానే బిగుసుకుపోయి, కదిలిన కొద్దీ వదులయ్యే కీలు వాపుకు గుర్తు. 16 ఏళ్లలోపు మొదలై, కనీసం 6 వారాలు నిలిచి, వేరే కారణమేదీ తేలని కీళ్లవాపును జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అంటారు. దీన్ని నిర్ధారించేది ముందుగా డాక్టరు కళ్లూ వేళ్లే. ఎక్స్‌రే విషయానికి వస్తే, అది స్పష్టంగా చూపగలిగేది గట్టిపడిన ఎముకనే. పసిపిల్లల ఎముకల చివరలు చాలావరకు మృదులాస్థి, అంటే ఇంకా ఎముకగా గట్టిపడని మెత్తని భాగం. ఎక్స్‌రేకు అది ఖాళీ జాగాతో సమానం. మణికట్టులోని 8 చిన్న ఎముకల్లో పుట్టిననాడు సాధారణంగా ఒక్కటి కూడా ఎక్స్‌రేలో కనిపించదు, ఏళ్ల తరబడి ఒకటొకటిగా బయటపడతాయి. జబ్బు మొదలయ్యేదేమో ఎముకలో కాదు, కీలు లోపలి పలుచని సైనోవియల్ పొరలో. ఎముక కొరికినట్టుగా ఎక్స్‌రేలో కనిపించే సరికి ఆ పొర చాలాకాలంగా మండుతూ ఉన్నట్టు లెక్క.

ఎంఆర్‌ఐ బొమ్మ గీసేది ఒంట్లోని నీటిలోనూ కొవ్వులోనూ ఉన్న హైడ్రోజన్ సంకేతాలతో. ఎక్స్‌రే వంటి రేడియేషన్ ఇందులో ఉండదు. వాపు ఉన్నచోట నీరు చేరుతుంది కాబట్టి, కొవ్వు సంకేతాన్ని అణచివేసి తీసే సీక్వెన్సులలో, అంటే ఆ తీరు బొమ్మల వరుసలలో, కీలులో చేరిన నీరూ, ఎముక మూలుగలో ఊరిన నీరూ నల్లని నేపథ్యంలో తెల్లగా తేలుతాయి. అయితే వాచిన పొర కూడా ఆ నీటిలాగే తెల్లగా ఉంటుంది. ఏది పొర, ఏది నీరు అని విడదీయడానికి గాడోలినియం అనే లోహం ఉన్న కాంట్రాస్ట్ మందు, అంటే బొమ్మలో తేడా చూపే మందు, నరంలోకి ఎక్కిస్తాము.

ఇక్కడ గడియారం చాలా ముఖ్యం. మండుతున్న పొరలో రక్తనాళాలు ఎక్కువ కావడం వల్ల మందు ముందుగా అక్కడికే చేరి పొరను మెరిపిస్తుంది. పక్కనున్న నీరు నల్లగానే ఉంటుంది. ఈ తేడా కొద్ది నిమిషాలే నిలుస్తుంది, తర్వాత మందు మెల్లగా నీటిలోకి ఊరి అంతా కలిసిపోతుంది. అందుకే ఎక్కించిన 5 నుంచి 10 నిమిషాల్లోపే బొమ్మలు తీసేయాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే కేంద్రంలో, నేను దీన్ని తేలికగా తీసుకున్నాను. ఐదేళ్ల బాబును మధ్యలో బయటికి జరిపి సూది గుచ్చాము. వాడు లేచి ఏడుపు అందుకున్నాడు. సముదాయించి మళ్లీ పడుకోబెట్టే సరికి పావుగంట గడిచింది. బొమ్మలో మోకాలంతా ఒకే తెలుపు. పొర మందమెంతో కొలవలేక, నీరు ఉంది అని మాత్రమే రేడియాలజిస్టు రాయవలసి వచ్చింది. మరునాడే మళ్లీ మందు ఎక్కించమని ఆ తల్లిదండ్రులను అడిగే ముఖం నాకు లేకపోయింది. అప్పటి నుంచి పిల్ల గదిలోకి రాకముందే చేతికి క్యాన్యులా (నరంలో ఉంచే సన్నని గొట్టం) పెట్టించి, దానికి పొడవాటి గొట్టం తగిలించి, కాలు కదలకుండా బయటి నుంచే మందు ఎక్కేటట్టు చూసుకుంటున్నాను. ఈ మందు కిడ్నీల గుండా బయటికి పోతుంది కనుక అవి సరిగా పనిచేస్తున్నాయని ముందే తేలాలి. దాని ఆనవాళ్లు కొద్దిగా ఒంట్లో మిగులుతాయని తెలిసినందువల్ల అవసరం లేకుండా ప్రతిసారీ వాడరు.

అవ్వకు ఇదంతా నేను చెప్పలేదు. పైకి కనబడని మంట లోపలి పొరలో ఉంటే దాన్ని చూడటానికి అని మాత్రం చెప్పాను. మెడలోని తాయెత్తు, కాళ్ల పట్టీలు, జడలోని పిన్నులు తీయించాము. తాయెత్తు తీయడానికి మాత్రం అవ్వ చాలాసేపు ఆలోచించింది. మరీ చిన్న పిల్లలకు మత్తు ఇవ్వవలసి వస్తుంది, దానికోసం 6 గంటల ముందు నుంచి అన్నం పెట్టకూడదు. ఈ అమ్మాయి మాత్రం నాయనమ్మ చెయ్యి పట్టుకొని మత్తు లేకుండానే అరగంటకు పైగా కదలకుండా పడుకుంది. ఆ యంత్రం చప్పుడుకు పెద్దలే బెదిరిపోవడం నేను రోజూ చూస్తుంటాను.

కంటికి కనిపించిన ప్రతి తెల్లమచ్చా జబ్బు కాదన్నది ఈ పనిలో నేను ఆలస్యంగా నేర్చుకున్న విషయం. ఎదిగే ఎముకలో ఎర్ర మూలుగ ఎక్కువ, అది కూడా కొంత మెరుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల మణికట్టు ఎముకల మీద సహజంగా ఉండే గుంటలు కొరికినట్టుగానే కనిపిస్తాయి. పెద్దల బొమ్మలు చదివే అలవాటుతో పిల్లల బొమ్మ చదివితే లేని జబ్బు అంటగట్టే ప్రమాదం ఉంది. చీటీ మీద వయసు సరిగా రాయమని మేము పట్టుబట్టేది అందుకే.

ఈ జబ్బు దవడ కీలుకు వస్తే దాని సంగతి వేరు. అది ఒక్కోసారి నొప్పి లేకుండానే చెడిపోతుంది, ఎదుగుదల స్థానం ఆ కీలు ఉపరితలానికి అతి దగ్గరగా ఉండటం వల్ల గడ్డం చిన్నదై పక్కకు తిరుగుతుంది. సంక్రాంతికి సకినం కొరకగలిగావా అని నేను పిల్లలను అడుగుతుంటాను. చాయ్‌లో నానబెట్టుకొని తిన్నానని ఎవరైనా అంటే డాక్టరుకు ఆ మాట చేరవేస్తాను. దవడనూ, నడుము కింది సాక్రోఇలియాక్ కీళ్లనూ లోపలి దాకా చూడటానికి ఎంఆర్‌ఐకి సాటి వచ్చేది లేదు. మోకాలు, చీలమండ వంటి వాటిలో నీరూ పొరా చూడటానికైతే అల్ట్రాసౌండ్ చౌక, మత్తు అక్కర లేదు; ఎముక మూలుగ మాత్రం దానికి అందదు. ఒక్క కీలే వాచిన పిల్లల్లో క్షయ, రాత్రుళ్లు ఎముకల నొప్పితో ఏడ్చే పిల్లల్లో రక్త క్యాన్సర్ కూడా డాక్టర్లు మనసులో ఉంచుకోవలసినవే, ఆ మూలుగ బొమ్మ అక్కడా పనికివస్తుంది. ఇక ఈ జబ్బులో కంటి లోపల సడి లేకుండా వచ్చే వాపును కనిపెట్టాలంటే కళ్ల డాక్టరు దగ్గరికి క్రమం తప్పకుండా పోవలసిందే.

ఆ అమ్మాయి మోకాలిలో పొర మందంగా ఉంది, నీరు చేరింది, మూలుగలో చిన్న మచ్చ ఉంది. మృదులాస్థి మాత్రం చెక్కుచెదరలేదు. కీళ్లవాపును అణచడానికి వారానికి ఒకసారి వేసే మెథోట్రెక్సేట్ అనే మందు మొదలుపెట్టారు. ఏడాది తర్వాత మళ్లీ వచ్చినప్పుడు మోకాలి చుట్టూ అమర్చి సంకేతాలను అందుకునే అదే కాయిల్, అవే సీక్వెన్సులు, అదే కోణంలో తీశాను. లేకపోతే పాతదానితో పోల్చడం కుదరదు. పొర పలచబడింది, మచ్చ పోయింది, కొద్దిగా నీరు మిగిలింది.

"ఇగ వారం గోలీ బందు చెయ్యొచ్చా సారూ?" అని అవ్వ అడిగింది.

"అది బొమ్మ చెప్పేది కాదవ్వా, డాక్టరమ్మ కాలు పట్టి చూసి చెప్తది" అన్నాను. రెండేళ్ల ఫిల్ములూ ఒకే కవరులో పెట్టి, పాతది పారేయవద్దని చెప్పి ఇచ్చాను. అప్పటికే ఆ పిల్ల పట్టీలు పెట్టుకొని మెట్లు దిగిపోయింది.