షార్ట్ వీడియోలు చూసి నేర్చుకోవడం గురించి నాలుగు మాటలు

రీల్స్ చూస్తే బుర్ర పాడైపోతుంది అనేవాళ్ళు ఒకవైపు, నేను సగం పనులు షార్ట్స్ చూసే నేర్చుకున్నా అనేవాళ్ళు ఇంకోవైపు, ఈ వాదన ఎన్నాళ్ళైనా తెగేలా లేదు. నేనైతే రెండోవాళ్ళ వైపే ఉంటా, కాకపోతే వాళ్ళని ఒక్క ప్రశ్న అడుగుతా: వీడియో అయిపోయాక ఏం చేశావు? నా దృష్టిలో అసలు విషయమంతా అక్కడే ఉంది. ఆ 30 సెకన్లలో ఏం చూపించారన్నది ముఖ్యమే, 31వ సెకన్లో మన చేతులు ఏం చేస్తున్నాయన్నది ఇంకా ముఖ్యం.

ముందు మంచి చెప్తా, అది నిజంగానే చాలా ఉంది. చేత్తో చేసే పనులకి ఇంతకంటే మంచి దారి నేను చూడలేదు. గిటార్‌లో ఎఫ్ బారె కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి మోగించే ఒక పట్టు) తీసుకోండి, చూపుడు వేలు ఆరు తీగల మీదా అడ్డంగా పెట్టి నొక్కాలి అని పుస్తకంలో ఒక్క లైన్లో రాసేస్తారు, మనం అలాగే నొక్కుతాం, సగం తీగలు మోగవు. ఆ వేలిని పూర్తిగా బోర్లా పెట్టకుండా కొంచెం పక్కకి వాల్చాలని, బొటనవేలు వెనక ఎక్కడ ఆనాలని దగ్గరి నుంచి తీసిన చిన్న వీడియో చూస్తే అప్పుడు ఓహో అనిపిస్తుంది. తాడుతో ముడి వెయ్యడం, ఈతలో కాళ్ళు ఆడించడం, కొత్త భాషలో ఒక అక్షరం పలకాలంటే నాలుక ఎక్కడ తగలాలి, ఇవన్నీ చెప్తే గందరగోళం, చూపిస్తే తేలిక. పైగా ఈ వీడియోలు అయిపోగానే వాటంతటవే మళ్ళీ మొదలవుతాయి కదా, చేతిలో తాడు పట్టుకుని కూర్చున్నవాళ్ళకి అదొక వరం, వెనక్కి జరుపుకునే పని లేదు, ముడి సరిగ్గా పడేదాకా అది తిరుగుతూనే ఉంటుంది. ఎక్సెల్లో పూర్తి పేర్ల వరస పక్కన మొదటి గడిలో ఒక పేరు విడదీసి ఉదాహరణగా టైప్ చేసి Ctrl+E నొక్కితే కింద మిగతా పేర్లన్నీ అదే పద్ధతిలో విడిపోతాయి చూడండి, అలాంటివి కూడా అంతే, ఒకటే స్టెప్, దానికి గంట క్లాస్ అక్కర్లేదు.

ఇంకో ఉదాహరణ సీపీఆర్, అంటే గుండె ఆగిపోయిన మనిషికి ఛాతీ నొక్కుతూ చేసే ప్రథమ చికిత్స. పెద్దవాళ్ళకి చేసేటప్పుడు నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ కనీసం 5 సెంటీమీటర్లు లోపలికి వెళ్ళేలా నొక్కాలి. ఈ అంకెలు చదివితే మర్నాటికి గుర్తుండవు, అదే ఎవరైనా చేస్తుంటే చూస్తే అంత వేగంగా నొక్కాలా అని కంటికి తెలిసిపోతుంది. కానీ 5 సెంటీమీటర్లు నొక్కాలంటే ఎంత బలం పెట్టాలో మాత్రం ఏ వీడియో చెప్పలేదు, ట్రైనింగ్‌లో బొమ్మ ఛాతీ మీద చేతులు పెట్టి, మోచేతులు వంగకుండా, భుజాల బరువంతా వేసి రెండు నిమిషాలు చేస్తే అప్పుడు తెలుస్తుంది, చెమటలు పడతాయి. వీడియో ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదానికి నాకు దీనికంటే స్పష్టమైన ఉదాహరణ దొరకలేదు.

దీని మీద నాకు బాగా నచ్చిన పరిశోధన ఒకటుంది. 2018లో మైకేల్ కర్దాస్, ఎడ్ ఓబ్రయన్ అనే ఇద్దరు టేబుల్ మీద గిన్నెలు కదలకుండా కింద గుడ్డ లాగేసే ట్రిక్, మూన్‌వాక్, డార్ట్స్ విసరడం లాంటివి జనానికి వీడియోల్లో చూపించారు, కొంతమందికి ఒక్కసారి, కొంతమందికి 20 సార్లు. ఎక్కువసార్లు చూసినవాళ్ళకి ఇది నేను చెయ్యగలను అనే నమ్మకం బాగా పెరిగింది. తీరా మూన్‌వాక్, డార్ట్స్ లాంటివి చెయ్యమంటే మాత్రం ఒక్కసారి చూసినవాళ్ళ కంటే గొప్పగా ఏమీ చెయ్యలేకపోయారు. చూడటం వల్ల పని రాలేదు, వచ్చేసిందన్న ధైర్యం మాత్రం వచ్చింది, ఆ ధైర్యం ప్రాక్టీస్‌కి అడ్డం పడుతుంది అన్నది నా భయం, వచ్చేసింది అనుకున్నవాళ్ళు మళ్ళీ ఎందుకు కూర్చుంటారు చెప్పండి.

చేతి పనులే కాదు, బుర్రతో చేసేవి కూడా ఇంతే. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు స్టూడెంట్స్‌కి ఒక పాఠం ఇచ్చి, కొందరితో దాన్నే మళ్ళీ చదివించారు, కొందరితో చూడకుండా గుర్తున్నది రాయించారు. 5 నిమిషాల తర్వాత టెస్ట్ పెడితే మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత పెడితే తిరగబడింది, చూడకుండా రాసినవాళ్ళు బాగా ముందుకొచ్చేశారు. షార్ట్ వీడియో మనకిచ్చేది ఆ 5 నిమిషాల లెక్క, చూసిన వెంటనే అంతా అర్థమైపోయినట్టే ఉంటుంది, వారం లెక్క మనమే రాబట్టుకోవాలి.

లెక్కల ట్రిక్ వీడియోలు ఉంటాయి కదా, వాటి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 11తో గుణించే ట్రిక్ మీ అందరికీ కనపడే ఉంటుంది: 23ని 11తో గుణించాలంటే 2కి 3కి మధ్యలో ఆ రెండూ కలిపితే వచ్చే 5 పెట్టెయ్, 253, అయిపోయింది, వెనక మ్యూజిక్, లక్షల్లో లైకులు. ఇప్పుడు 87 తీసుకోండి. 8, 7 కలిపితే 15, మధ్యలో 15 పెడితే 8157 వస్తుంది, అది తప్పు, జవాబు 957. ఆ 15లో 1ని ఎడమ పక్కనున్న 8కి కలపాలన్నమాట, చాలా వీడియోలు ఇక్కడిదాకా రావు, తేలిక లెక్కతోనే ఆపేస్తారు. సరే వచ్చినా, అది ఎందుకలా అవుతుందో చెప్పేవాళ్ళు ఇంకా తక్కువ. 11 అంటే 10, 1 కలిపితే వచ్చింది, కాబట్టి 87ని 11తో గుణించడం అంటే 870కి 87 కలపడం, అంతే. ఈ ఒక్క ముక్క తెలిసినవాడికి ట్రిక్ గుర్తుపెట్టుకునే అవసరమే లేదు, 12కి, 101కి కూడా వాడే సొంతంగా చేసుకుంటాడు. ఈ కారణం చెప్పడానికి పట్టే టైమ్ పది సెకన్లు కూడా కాదు, అందుకే నిమిషంలో ఏం చెప్తాం అనే సాకుని నేను ఒప్పుకోను, నిమిషం చాలానే ఉంటుంది, దాన్ని దేనికి వాడారన్నదే ప్రశ్న.

అసలు వీడియో చిన్నగా ఉండటం తప్పేం కాదు. 2014లో ఫిలిప్ గువో వాళ్ళ టీం ఎడ్‌ఎక్స్ ఆన్‌లైన్ కోర్సుల్లో 69 లక్షల సార్లు జనం వీడియోలు చూసిన డేటా తీసి చూస్తే, 6 నిమిషాల లోపు ఉన్నవే బాగా చూశారని తేలింది. మనుషులు ఎలా నేర్చుకుంటారన్న దాని మీద పనిచేసే సైకాలజిస్ట్ రిచర్డ్ మేయర్ కూడా ఎప్పటినుంచో చెప్తున్నాడు, పాఠాన్ని చిన్న ముక్కలు చేసి, నేర్చుకునేవాళ్ళు తమ వేగంతో ఒక్కో ముక్క దాటుకుంటూ వెళ్తే బాగా ఎక్కుతుందని. ఇక్కడ తమ వేగంతో అన్నది గట్టిగా పట్టుకోండి. కోర్సులో ఒక ముక్క అయ్యాక దాని తర్వాతి ముక్కే వస్తుంది, అది కూడా మనం సరే అంటేనే. ఫీడ్‌లో అలా కాదు, గిటార్ తర్వాత కుక్కపిల్ల, కుక్కపిల్ల తర్వాత ఎవరిదో పెళ్ళి డాన్స్, దాని తర్వాత బ్లాక్ హోల్స్. ఇప్పుడే విన్నదాన్ని ఒకసారి మనసులో తిప్పుకునే ఖాళీ లేదు, ఆ ఖాళీ లేకుండా చెయ్యడానికే ఫీడ్‌ని అలా కట్టారు. 2023లో వచ్చిన ఒక ప్రయోగంలో, ఒక పని మధ్యలో బ్రేక్ ఇచ్చి కొందరికి టిక్‌టాక్, కొందరికి ట్విట్టర్, కొందరికి యూట్యూబ్ ఇచ్చారు, కొందరిని ఊరికే కూర్చోబెట్టారు. తిరిగొచ్చాక చెయ్యాల్సిన పనిని గుర్తుపెట్టుకుని చెయ్యడంలో టిక్‌టాక్ చూసినవాళ్ళే దెబ్బతిన్నారు. ఏదో నేర్చుకుందామని యాప్ తెరిచి, గంటకి తేరుకుని, ఇంతకీ దేనికి తెరిచాను అని ఆలోచించేవాళ్ళకి ఇది చదివితే ఒళ్ళు మండుతుంది, నాకూ మండింది.

నిజానిజాల సంగతి కూడా ఉంది. మొదటి రెండు మూడు సెకన్లలో పట్టుకోకపోతే జనం జరిపేస్తారని క్రియేటర్లకి భయం, అందుకే "కొన్నిసార్లు", "అందరికీ కాదు" లాంటి మాటలు ముందు ఎగిరిపోతాయి. లెక్కల్లో అయితే జవాబు తప్పొచ్చి దొరికిపోతుంది, ఆరోగ్యం విషయంలో అలా దొరకదు. 2022లో కెనడా పరిశోధకులు ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, నిలకడ లేకపోవడం లాంటి లక్షణాలుండే సమస్య) గురించి టిక్‌టాక్‌లో బాగా పాపులర్ అయిన 100 వీడియోలు చూస్తే అందులో 52 తప్పుదారి పట్టించేవే. అందుకే మందులు, జబ్బులు, డబ్బు పెట్టుబడులు, వీటి జోలికి నేను షార్ట్ వీడియోల్లో వెళ్ళను, ఎంత బాగా చెప్పినా సరే.

మిగతావాటికి నా పద్ధతి ఏంటంటే ఫీడ్‌లోకి వెళ్ళను, సెర్చ్ బాక్స్‌లోకి వెళ్తా. ఏం కావాలో టైప్ చేసి, ముగ్గురు వేర్వేరు మనుషులవి చూస్తా, ముగ్గురూ ఒకేలా చెప్తే సరే, ఒకరు తేడాగా చెప్తే ఎందుకో వెతుకుతా, నిజానికి ఆ వెతుకులాటలోనే ఎక్కువ నేర్చుకుంటా. నచ్చింది దొరికాక ఫోన్ బోర్లా పెట్టేసి చేసి చూస్తా, చేసేది లేకపోతే ఒక కాగితం మీద నా మాటల్లో రెండు లైన్లు రాస్తా, రాయలేకపోతే నాకు అర్థం కాలేదని తెలిసిపోతుంది, మళ్ళీ చూస్తా. సేవ్ బటన్ మాత్రం నొక్కను, సేవ్ చేస్తే నేర్చేసుకున్న తృప్తి వచ్చేస్తుంది, ఆ గుట్ట పెరుగుతుంది తప్ప మళ్ళీ తెరిచేది ఎక్కడ. పెద్ద సబ్జెక్ట్ అయితే షార్ట్‌ని గుమ్మం దాకానే వాడతా, బ్లాక్ హోల్స్ మీద ఆసక్తి పుట్టిందా, మంచిదే, ఇక అక్కడి నుంచి పుస్తకమో పూర్తి లెక్చరో, వరసగా, మొదటి నుంచి.

క్రియేటర్లలో కూడా ఈ విషయం పట్టించుకునేవాళ్ళు కొందరున్నారు, వాళ్ళంటే నాకు చాలా గౌరవం. లెక్క ఇచ్చి, జవాబు చెప్పకుండా, ఇప్పుడు ఆపి మీరు చెయ్యండి అని నిజంగానే ఆపేసేవాళ్ళు, కార్డ్ సరిగ్గా మోగితే ఎలా ఉంటుందో వినిపించాక తప్పుగా నొక్కితే ఎలా మోగుతుందో కూడా వినిపించేవాళ్ళు, ఇది కొత్తవాళ్ళకి సరిపోదు ముందు ఫలానాది చూడండి అని మొదట్లోనే చెప్పేసేవాళ్ళు. వీళ్ళకి వ్యూస్ కొంచెం తక్కువే వస్తుంటాయి, జవాబు ఏదీ అని కింద తిట్టేవాళ్ళు కూడా ఉంటారు, అయినా వాళ్ళు పద్ధతి మార్చుకోకుండా అలాగే చేస్తున్నారు. నేను ఫాలో అయ్యేవాళ్ళలో ఇప్పుడు ఎక్కువమంది అలాంటివాళ్ళే.