స్కూటర్ ముందు పట్టాలి, అంతే

పోయిన నెల కావలిలో ఒక రిసెప్షన్‌కి గిటారు వాయించడానికి పోయినప్పుడు జరిగింది ముందు చెప్తా. మూడో పాటలో కరెంట్ పోయింది, పోతే పోయింది అది మామూలే, జనరేటర్ వాళ్ళు పది సెకన్లలో మార్చేశారు, మిక్సరూ కీబోర్డూ ప్యాడ్సూ అన్నీ సౌండ్ అన్న యూపీఎస్ మీద ఉన్నాయి కాబట్టి వాళ్ళకేం కాలా, నా ప్లగ్గుకి మాత్రం అందులో చోటు దొరకలా. సింగర్ మళ్ళీ పల్లవి ఎత్తుకుంది, గిటారు సౌండ్ మార్చే నా మల్టీ ఎఫెక్ట్స్ బోర్డు తీరిగ్గా లోగో చూపిస్తా కూర్చుంది. అది లేచేసరికి పల్లవి అయిపోయింది. లేచినాక ఏ ప్యాచ్‌లో, అంటే ముందే సెట్ చేసి పెట్టుకున్న ఏ సౌండ్‌లో లేచిందో చూసుకోలా, క్లీన్ సౌండ్ అనుకుని తీగలు కలిపి ఒక కార్డ్ కొట్టా, గరగరమని ఫుల్ డిస్టార్షన్, పైన ప్రతిధ్వనిలాగా డిలే, పెళ్ళికూతురు ఉలిక్కిపడి ఇటు చూసింది. ముందు వరసలో పెద్దాయన ఒకాయన "ఏందబ్బయ్యా అది" అని చెవులు మూసుకున్నాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చే బస్సులోనే ఫిక్సయిపోయా, ఇంక ఒక గిటారు, ఒక ఆంపు (గిటారు శబ్దం పెంచే స్పీకర్ పెట్టె), కాలితో తొక్కే రెండు పెడల్స్, అంతకుమించి ఏదీ మోసేది లేదని. నా రూల్ ఒకటే, ఆంపు నా స్కూటర్ ఫుట్‌బోర్డ్ మీద పట్టాలి, గిటారు భుజాన ఉండాలి, కోవూరు ప్రోగ్రామ్ అయితే పెన్నా బ్రిడ్జి దాటి నేనే పోవాలి, ఆటో అన్నని బతిమాలే పని ఉండకూడదు. ఆటోకి పోనూ రానూ ఇచ్చింది పోతే పేమెంట్‌లో నాకు మిగిలేది టిఫిన్ ఖర్చులే మరి.

ఆంపు గురించి మనోళ్ళందరికీ ఒక పిచ్చి ఉంటది, పాత రేడియోల్లో లాగా గాజు వాల్వులతో నడిచే వాల్వ్ ఆంపు ఉంటేనే టోన్ అని. ఒప్పుకుంటా, బాగుంటది. కానీ ఫెండర్ ట్విన్ రివర్బ్ లాంటిది దాదాపు 29 కిలోలు, రోలాండ్ జేసీ 120 వాల్వ్‌ది కాదు గానీ 1975 నుంచి క్లీన్ సౌండ్‌కి దాన్నే పొగుడుతున్నారు, అదీ 28 కిలోలు. మూడో అంతస్తులో ఫంక్షన్ హాలు, లిఫ్ట్ కేటరింగ్ వాళ్ళకే, ఇంక నువ్వు ఎక్కు మెట్లు. ఒంగోల్లో ఒక ఫ్రెండ్‌కి అమెరికా నుంచి చుట్టాలు వాల్వ్ ఆంపు తెచ్చిపెట్టారు, అది 120 వోల్ట్స్‌ది అని ఎవరూ చూసుకోలా, మన 230లో పెట్టాడు, టప్ మని ఒక చప్పుడు, ఒక వాసన, అంతే. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొంటే అదొక ఇటుకరాయి బరువు మళ్ళీ.

నేను తీసుకుంది బాస్ కటానా 50, సెకండ్ హ్యాండ్‌లో. 50 వాట్లు, 12 అంగుళాల స్పీకరు, బరువు పదకొండున్నర కిలోలు చిల్లర. వెడల్పు 47 సెంటీమీటర్లు, ఫుట్‌బోర్డ్ మీద అడ్డంగా పెడితే మోకాళ్ళు రెండు పక్కలకీ పోతాయి, చూసేవాళ్ళకి గ్యాస్ బండ తీసుకుపోతున్నట్టు ఉంటది, ఉండనీ. కోరస్, రివర్బ్, డ్రైవ్ అన్నీ లోపలే ఉన్నాయి, ప్యానెల్ మోడ్‌లో వాయిస్తా కాబట్టి నాబ్ ఎక్కడ తిప్పి ఉంటే సౌండ్ అదే, ప్యాచ్ నంబర్ల గోల లేదు. వెనక మిక్సర్‌కి నేరుగా లైన్ లాగా ఇచ్చుకునే అవుట్ ఉంది కానీ మా సౌండ్ అన్న ఆంపు ముందు మైకు పెట్టడానికే ఇష్టపడతాడు, ఆయనిష్టం. ఎట్టాగూ జనానికి వినపడేది ఆయన బాక్సుల్లోంచే, నా ఆంపు నాకూ పక్కన కీబోర్డ్ అతనికీ వినపడితే చాలు, దానికి 50 వాట్లు ఎక్కువే, నేనెప్పుడూ సగం కూడా తిప్పలా.

ఇంక గిటారు. యమహా పసిఫికా 112. ఎందుకంటే బ్రిడ్జి దగ్గర, అంటే బాడీ మీద తీగలు ఆనే చోట, హంబకర్ అనే పికప్పు (తీగ కదలికని కరెంట్ సిగ్నల్‌గా మార్చేది) ఉంది. మన పందిళ్ళలో సీరియల్ బల్బులు, జనరేటర్, ఫోకస్ లైట్లు, అన్నీ కలిపి ఒకే చుట్ట ఉండే సింగిల్ కాయిల్ పికప్‌లోకి 50 హెర్ట్జ్ గుయ్యిమనే శబ్దం తోలతాయి, మెలోడీ మధ్యలో సైలెన్స్ వచ్చిందంటే తుమ్మెద దూరినట్టే. హంబకర్‌లో రెండు కాయిల్స్ ఒకదానికొకటి ఎదురు చుట్టి, మాగ్నెట్లు కూడా తిప్పి పెడతారు, కరెంట్ గుయ్యి రెండిట్లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటది, తీగ శబ్దం మాత్రం కలుస్తది. 1955లో గిబ్సన్‌లో సేత్ లవర్ అనే ఆయన కనిపెట్టాడు దీన్ని, ఆయనకి మన చవితి పందిళ్ళు తెలీకపోయినా మనకోసమే చేసినట్టుంది. క్లీన్ పాటలకి మధ్య పికప్పు, బ్రిడ్జి పికప్పు కలిపి పెడతా.

ఈ గిటారుకి ట్రెమోలో ఉంది కదా, బ్రిడ్జిని ఊపి శృతి వణికించేది, అదే తలనొప్పి. తేలుతా ఉండే బ్రిడ్జి అయితే ఒక తీగ తెగిందంటే లాగే బరువు తగ్గి వెనక స్ప్రింగులు బ్రిడ్జిని గుంజేస్తాయి, మిగతా అయిదు తీగలూ శృతి తప్పిపోతాయి, ఇంక పాట మధ్యలో నువ్వు నవ్వుతా నిలబడాల్సిందే. నేనేం చేశానంటే వెనక ప్లేట్ ఇప్పి, స్ప్రింగులు పట్టుకునే రెండు స్క్రూలు బిగించి బ్రిడ్జిని బాడీకి ఆనించేశా, లోపల బ్లాకు కదలకుండా మా వీధి వడ్రంగి దగ్గర అడిగి ఒక చిన్న టేకుముక్క చెక్కించి దూర్చా. ఆయన "ఇంత గిటారుకి ఇదేం బాగుచేయడం నాయనా" అని నవ్వి డబ్బులు కూడా తీసుకోలా. అప్పట్నుంచి ఫస్ట్ స్ట్రింగ్ రెండుసార్లు తెగింది, పాట ఆగలా.

పెడల్స్ ఒకటి శృతి చూసుకునే ట్యూనరు, ఒకటి సౌండ్‌ని గరుగ్గా చేసే ఓవర్‌డ్రైవ్, మాస్ పాట వస్తే తొక్కడానికి. అడాప్టర్ విషయంలో జాగ్రత్త, ఈ పెడల్స్‌కి 9 వోల్ట్స్‌లో సెంటర్ నెగటివ్ (పిన్ను మధ్యలో మైనస్) కావాలి, ఎలక్ట్రికల్ షాపులో రౌటర్‌దో ఏదో అడాప్టర్ ఇస్తాడు, అది చాలావరకు సెంటర్ పాజిటివ్.

షాక్ సంగతి మర్చిపోయా. మైపాడు దగ్గర సముద్రం పక్కన ఒక ప్రోగ్రాంలో తడి ఇసుకలో నిలబడి కోరస్ పాడదామని మైకుకి నోరు దగ్గర పెట్టా, పెదవికి చురుక్కుమంది. గిటారు తీగలు ఆంపు ఎర్త్‌కి కలిసుంటాయి, మైకు మిక్సర్ ఎర్త్‌కి, రెండూ వేరే వేరే బోర్డుల నుంచి వస్తే, ఒక చోట ఎర్తింగ్ సరిగా లేకపోతే మధ్యలో మన నోరే వైరు. ఇప్పుడు ఆంపుని మిక్సర్ ఉన్న బోర్డులోనే పెట్టమని అడిగి పెట్టించుకుంటా, మైకు ఇనుముని ముందు టెస్టర్‌తో తాకి చూస్తా. సింగర్లు నవ్వుతారు, నవ్వనీ.

బ్యాగులో రెండు కేబుళ్ళు, కట్టర్, ఇన్సులేషన్ టేపు, ఒక కన్వర్షన్ ప్లగ్గు కూడా ఉంటది, స్టేజీల మీద చాలాచోట్ల కూలర్ కోసం పెట్టిన 16 ఆంపియర్ల సాకెట్లే ఉంటాయి కదా. సముద్రం గాలికి తీగలు తొందరగా తుప్పు పడతన్నాయి, సన్న తీగల 9-42 సెట్టు వాడతా నేను. ఆదివారం కందుకూరులో ప్రోగ్రాం ఉంది, ఫస్ట్ స్ట్రింగులు రెండే మిగిలాయి, ఈ లోపల మద్రాసు పోయేవాళ్ళు ఎవరన్నా ఉంటే ఒక మాట చెప్పండి.