భువనగిరి రాతికి నిలిచే బ్యాగు: ఇప్పటిదాకా తేలింది

మే చివర

రాక్ క్లైంబింగ్‌కి తీసుకెళ్ళే పాత కాలేజీ బ్యాగు అడుగు చిరిగిపోయింది. భువనగిరి కోట గుట్టంతా ఒకే రాయి. దాని మీద బ్యాగు దింపినప్పుడల్లా గుడ్డని ఉప్పు కాగితంతో రుద్దినట్టే అవుతుంది. కొత్తది కొనాలి, అదీ 4,000 లోపు.

ముందు సామాను తూకం వేశాను. 60 మీటర్ల పొడవు, 9.8 మి.మీ. మందం ఉన్న తాడే దాదాపు 3.8 కిలోలు. హార్నెస్ (తాడు కట్టుకోడానికి నడుముకీ తొడలకీ వేసుకునే పట్టీలు), హెల్మెట్, షూస్, క్విక్‌డ్రాలు (తాడుని రాతికి తగిలించే కొక్కేల జతలు) అన్నీ కలిపి ఇంకో మూడు. మన ఎండలకి 3 లీటర్ల నీళ్ళు తప్పవు. తిండితో కలిపి పది కిలోలు దాటుతుంది. తాడుని పైమూత కింద కట్టుకునే వీలుంటే 35–40 లీటర్ల బ్యాగు చాలు. అంతకంటే పెద్దది ఉంటే ఖాళీ కనిపిస్తోందని అక్కర్లేనివి కూడా కుక్కేస్తాం.

జూన్

షాపుల్లో లీటర్లు, జేబుల లెక్క చెప్తారు. నేను అడిగేది డెనియర్. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములుంటే అన్ని డెనియర్లు. అంకె పెరిగితే దారం లావు, గుడ్డ బరువు కూడా. బ్యాగు మొత్తం మందంగా ఉండక్కర్లేదు, అడుగు మాత్రం 420 పైన ఉండాలన్నది నా పట్టు. అంకె ఒకటే అయినా రాపిడికి పాలిస్టర్ కంటే నైలాన్ ఎక్కువ ఓర్చుకుంటుంది. రిప్‌స్టాప్ అని గళ్ళు చూపిస్తారు. అది చిరుగు పాకకుండా ఆపుతుంది కానీ అరుగుదలని ఆపదు. రాతి మీద తిరిగేవాళ్ళకి ఈ తేడా ముఖ్యం.

తర్వాత బ్యాగుని లోపలికి తిప్పి చూడాలి. భుజం పట్టీలు కలిసే చోట దగ్గర దగ్గరగా అడ్డకుట్లు ఉన్నాయా, గుడ్డ అంచులకి టేపు వేసి కుట్టారా అని. బ్యాగు మొదట తెగేది అక్కడే. పైన తాడు లాగి బిగించే మూత ఉన్నదే నాకు నచ్చింది. జిప్పులో దుమ్ము పడితే గుట్ట మీద బాగుచేసేవాడు దొరకడు.

వీపు కొలత మాత్రం తప్పనిసరి. తల వంచితే మెడ కింద పొడుచుకొచ్చే ఎముక నుంచి, తుంటి ఎముకల పైఅంచు దాకా టేపు పెట్టించుకోండి. నాది 46 సెం.మీ. బరువు తుంటి మీద కూర్చోవాలి, భుజాల మీద కాదు. అయితే హార్నెస్ వేసుకున్నాక హిప్ బెల్ట్ అడ్డం వస్తుంది, అందుకే విప్పి తీసేసే బెల్ట్ ఉన్నదే వెతికాను. హెల్మెట్ పెట్టుకుని పైకి చూస్తే మూత తలకి తగలకూడదు. ఇది షాపులోనే చూసుకోవాలి.

జూలై

38 లీటర్లది దొరికింది, అడుగు 500 డెనియర్ నైలాన్. బియ్యం సంచులు నింపి అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కి దిగాను, ఎక్కడా ఒరుసుకోలేదు. బ్యాగులు కుట్టే అన్న దగ్గర అడుగున లారీ టార్పాలిన్ ముక్క ఒకటి లావు నైలాన్ దారంతో వేయించాను. ఖర్చు 150.

వానలకి రెయిన్ కవర్ కొనలేదు, తుమ్మ ముళ్ళకి అది ఆగదు. లోపల మందపాటి పాలిథిన్ సంచి వేసి అందులో సామాను పెడుతున్నాను. తడిసిన బ్యాగుని నీడలో పూర్తిగా ఆరబెట్టాకే అటక మీద పెట్టాలి. తేమలో ఉంచితే లోపలి పూత జిగురుగా మారి పొరలు లేస్తుంది.

వచ్చే నెల అనంతగిరి కొండల్లో తడి దారి మీద చూస్తాను. టార్పాలిన్ కుట్లు ఎంత అరిగాయో అప్పుడు రాస్తాను.