మళ్ళీ ఇన్‌స్టాల్ చేసే ముందు, ఎక్కడ ఆగిందో చూడండి

లైనక్స్‌లో కొత్తగా వేసిన ప్రోగ్రామ్ నడవకపోతే చాలామంది వెంటనే దాన్ని తీసేసి మళ్ళీ వేస్తారు. దానివల్ల సమస్య పోకపోగా, ఆధారాలు చెరిగిపోతాయి. ముందు తేల్చుకోవాల్సింది అది ఏ దశలో ఆగిందన్నదే. షెల్‌కి (మీరు కొట్టే కమాండ్లు అందుకునే ప్రోగ్రామ్) దొరకలేదా, కెర్నెల్ (సిస్టమ్ గుండెకాయ) నడపలేకపోయిందా, లైబ్రరీలు (ప్రోగ్రామ్ వాడుకునే ఉమ్మడి కోడ్ ఫైళ్ళు) అందలేదా, మొదలయ్యాక పడిపోయిందా?

కమాండ్ విఫలమైన వెంటనే 'ఎకో $?' కొట్టండి, అది ఎలా ముగిసిందో చెప్పే అంకె వస్తుంది. మధ్యలో ఇంకొకటి నడిపితే ఆ అంకె మారిపోతుంది. 126 అంటే ఫైలు దొరికింది కానీ నడపడం కుదరలేదు. 127 అంటే సాధారణంగా ఫైలే దొరకలేదు. అయితే లైబ్రరీ దొరక్కపోయినా 127 రావచ్చు, కాబట్టి ఎర్రర్ సందేశం కూడా పూర్తిగా చదవండి.

దొరకలేదంటే 'టైప్ -ఎ' పక్కన ప్రోగ్రామ్ పేరు ఇవ్వండి (నేను చెప్పే ఆప్షన్లన్నీ చిన్నబడి అక్షరాలే). పాత్‌లో (షెల్ ప్రోగ్రామ్‌లను వెతికే ఫోల్డర్ల జాబితా) ఉన్న కాపీలన్నీ వరసగా కనిపిస్తాయి. పాత వెర్షనే నడుస్తోందా? బ్యాష్ అనే షెల్ ఇంతకుముందు దొరికిన చోటును గుర్తుపెట్టుకుంటుంది, 'హ్యాష్ -ఆర్'తో మరిపించండి. మామూలుగా నడిచి సూడోతో (అడ్మిన్ హక్కులతో నడిపే కమాండ్) దొరకకపోతే, దాని సెట్టింగ్స్ ఫైలు సూడోయర్స్‌లోని సెక్యూర్ పాత్ చూడండి, సూడో వెతికే ఫోల్డర్లు అవే.

అన్నిటికంటే దారి తప్పించేది ఇది: ఫైలు కళ్ళెదుటే ఉంటుంది, నడిపితే 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అంటుంది. లేనిది ఆ ఫైలు కాదు, దాన్ని నడిపించాల్సిన ఇంకో ఫైలు. స్క్రిప్ట్ అయితే మొదటి వరుసను 'క్యాట్ -వి'తో చూడండి. చివర ^ఎమ్ ఉంటే అది విండోస్ వరుస ముగింపు. ఆ కనిపించని అక్షరం ఇంటర్‌ప్రెటర్ (స్క్రిప్ట్‌ను నడిపించే ప్రోగ్రామ్) పేరులో కలిసిపోతుంది, 'డాస్‌టుయూనిక్స్' కమాండ్‌తో తీసేయండి. బైనరీ (కంపైల్ చేసిన ప్రోగ్రామ్) అయితే 'ఫైల్' కమాండ్ అది కోరే లోడర్ (ప్రోగ్రామ్‌ను, దాని లైబ్రరీలను మెమరీలోకి ఎక్కించేది) పేరు చెబుతుంది. ఆల్పైన్ లైనక్స్‌లో ఉండే మూల సీ లైబ్రరీ మజల్, చాలా డిస్ట్రోల్లో (లైనక్స్ రకాలు) ఉండే జీలిబ్‌సీ కాదు. అందుకే వేరే డిస్ట్రోకి కట్టిన బైనరీ అక్కడ తరచూ ఇలాగే ఆగుతుంది. ఆల్పైన్ ప్యాకేజీ వేయడమే సరైన దారి.

126కి ఎక్కువగా కారణం ఎగ్జిక్యూట్ అనుమతి లేకపోవడం. అది ఉన్నా కదలకపోతే ఆ డిస్క్ 'నోఎగ్జెక్'తో (ప్రోగ్రామ్‌లు నడపనివ్వని సెట్టింగ్) మౌంట్ అయిందేమో, అంటే సిస్టమ్‌కి జోడించి ఉందేమో, 'మౌంట్' కొట్టి చూడండి. తాత్కాలిక ఫోల్డర్ /టీఎమ్‌పీలో విప్పుకునే ఇన్‌స్టాలర్లు దీనికే బలవుతాయి.

లైబ్రరీల సంగతి 'ఎల్‌డీడీ' చెబుతుంది, 'నాట్ ఫౌండ్' అన్న వరుసలే చాలు. నమ్మకం లేని బైనరీ మీద మాత్రం దాన్ని వాడొద్దు, కొన్నిసార్లు ఆ ప్రోగ్రామే నడిచే ప్రమాదముంది. లైబ్రరీ /యూఎస్ఆర్/లోకల్/లిబ్‌లో ఉండీ దొరకకపోతే లైబ్రరీల జాబితాను తాజా చేసే 'ఎల్‌డీకాన్ఫిగ్'ను రూట్‌గా (అడ్మిన్‌గా) నడపండి. ప్రోగ్రామ్ .ఎస్ఓ.1 అనే లైబ్రరీ వెర్షన్ అడిగితే .ఎస్ఓ.3కి లింకు పెట్టి సరిపెట్టడం అస్సలు వద్దు. ఆ అంకె మారిందంటే లోపలి ఒప్పందం మారిందని అర్థం. ఈ రోజు మొదలైనా రేపు ఏ పని మధ్యలోనో కూలుతుంది.

చేత్తో నడిచి సర్వీస్‌గా నడవకపోతే, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ మీ బ్యాష్ఆర్‌సీ (మీ షెల్ సెట్టింగ్స్ ఫైలు) చదవదని, యూజర్ కూడా వేరే కావచ్చని గుర్తుంచుకోండి. 'జర్నల్‌సీటీఎల్ -యు' పక్కన సర్వీస్ పేరు ఇస్తే వచ్చే లాగ్‌లో అసలు మాట ఉంటుంది.

ఏదీ తేలకపోతే 'ఎస్‌ట్రేస్ -ఎఫ్'తో నడపండి, ప్రోగ్రామ్ కెర్నెల్‌ని అడిగే ప్రతి పనినీ (కాల్) అది చూపిస్తుంది. మొదట్లో వచ్చే ఈఎన్ఓఈఎన్‌టీలు (ఫైలు లేదన్న ఎర్రర్లు) మామూలు వెతుకులాటే, కంగారుపడకండి. ఎర్రర్ సందేశం రాసిన 'రైట్' కాల్ పట్టుకుని, దానికి కాస్త పైన ఏది విఫలమైందో చూడండి.